జెల్లల గంపతో ముగిసిన పరుగు

రండి, కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. అటు కాదండీ, ఇటు కుడివైపున. ఎడమ చెవి ఈ ఏడాదిగా నాతో పొత్తు మానేసింది. ఇందాక ఫోను వచ్చింది చూశారా, అందులో మాట్లాడిన అమ్మాయి నన్ను అడిగిన మొదటి మాటేమిటో తెలుసా? "అమ్మమ్మా, వినబడుతోందా?" అని. ఆ మాట ఆ పిల్ల నోట విని, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. ఆ పిల్ల నాకు మనవరాలేమీ కాదు. ఒకప్పుడు నేను దాని వెనకాల నీళ్ల బిందె జారవిడిచినా తిరిగి చూడని పిల్ల.

నేను ఏలూరులో చెవిటి పిల్లల బడిలో వంట చేసేదాన్నని మీకు తెలుసు కదా. మూడో తరగతి దాటని చదువు నాది. కొల్లేటి లంకలో పుట్టి, లంకలోనే కాపురం చేసి, ఆయన పోయాక పొట్ట చేతపట్టుకుని ఏలూరు చేరినదాన్ని. బడిలో పిల్లలందరూ నా పిల్లలే గానీ, చింతలపూడి వైపు పామాయిలు తోటల్లో పనిచేసేవాళ్ల అమ్మాయి ఒకతె మాత్రం నా కొంగు వదిలేది కాదు. నేను పప్పు ఎనుపుతుంటే ఎదురుగా పీట వేసుకుని నా పెదాలే చూస్తూ కూర్చునేది. నేనూ నోరు బాగా తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి, ఉప్పు, చింతపండు, కరివేపాకు అని చెబుతుండేదాన్ని. దానికి చెవి పూర్తిగా పోలేదని, మంచి మిషను పెడితే వినబడుతుందని, ఇంకా ఆలస్యం చేస్తే మాత్రం మాట పట్టుబడదని డాక్టరుగారు చెప్పారు. అలాంటి పిల్లలు బడిలో పదిమంది తేలారు.

ఆ సంగతి తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉన్న ఒక పెద్దాయన చెవిన పడింది. ఏలూరు బయట మొదలుపెట్టి కొల్లేరు వైపు చేపల చెరువుల మధ్యగా వెళ్లి తిరిగివచ్చే పరుగు ఒకటి పెడుతున్నారు అప్పుడు, హాఫ్ మారథాన్ అనేవారు దాన్ని. బడిలో పనిచేసేవాళ్లు ఎంతమంది ఆ పరుగు పొద్దున పది కొట్టేలోపు పూర్తిచేస్తే అంతమంది పిల్లలకి తాను మిషన్లు కొనిపెడతానన్నాడాయన. టీచర్లు, వ్యాను డ్రైవరు, నేను చెల్లీ అని పిలిచే కుట్టుపని నేర్పే అమ్మాయి, ఆటల మాస్టారు, అందరూ కలిసి సరిగ్గా పదిమంది ముందుకొచ్చారు. వాళ్లలో ఒక్కరూ అంత దూరం ఎప్పుడూ పరిగెత్తినవాళ్లు కారు. పరుగు దగ్గరపడుతుండగా ఆటల మాస్టారే మెట్టు తప్పి చీలమండ బెణికించుకున్నారు. చిన్నపిల్లలకి ముందు పెట్టాలన్నది డాక్టరుగారి మాట. మా పిల్ల ఆ పదిమందిలో పెద్దది, అంటే ఆఖరిది. పదో మనిషి లేకపోతే మిషను లేకుండా మిగిలేది అదేనన్నమాట.

నేను వస్తానన్నాను. పెద్ద టీచరమ్మ నోరు తెరిచి నాకేసి చూసి, "మీరా? ఇరవై ఒక్క కిలోమీటర్లండీ బాబూ!" అన్నారు. "లంకల్లో నేను నడిచిందంతా కలిపితే కాశీకి రెండుసార్లు వెళ్లి రావచ్చండీ" అన్నాను.

మర్నాటి నుంచి సాధన. మాస్టారు కట్టుకట్టిన కాలు బల్లమీద పెట్టుకుని కుర్చీలోంచే అరుస్తుండేవారు. నేను చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని పరుగు మొదలెట్టానో లేదో, గ్రౌండు చుట్టూ ఉన్న పిల్లలంతా పొట్టలు పట్టుకుని నవ్వడం. ఏమిటా అని చూసుకుంటే, నా కుడిచెయ్యి దానంతట అదే లేచి నెత్తిమీదికి వెళ్లిపోయింది! కొత్త కోడలిగా ఉన్నప్పుడు మా అత్తగారూ నేనూ తెల్లవారకముందే పడవ దగ్గర గంపలు నెత్తికెత్తుకుని, చేప కళ్లు మసకబారకముందే బస్సు అందుకోవాలని గట్లమీద పరిగెత్తేవాళ్లం. ఒంటికి తెలిసిన పరుగు అదొక్కటే. "అమ్మా, ఆ చెయ్యి దించండమ్మా, నెత్తిమీద ఏముందని?" అని మాస్టారు మొత్తుకునేవారు. పిల్లలకి అదో ఆటైపోయింది, ఒక చెయ్యి నెత్తిన పెట్టుకుని నా వెనకాల బడిమొత్తం పరుగు. చివరికి ఎలాగో చెయ్యి దించి, మోచేతులు మడిచి, మాస్టారు చెప్పినట్టే పరిగెత్తడం నేర్చుకున్నాను.

పరుగు రోజున వెళ్లేటప్పుడు బాగానే ఉంది. చల్లటి గాలి, చెరువు గట్లమీద కొంగలు, దారిలో ఊళ్లవాళ్లు మజ్జిగ ఇస్తున్నారు. తిరుగుదారిలో ఎండ ఎక్కేసరికి నడుం ఒక పక్కకి ఒరిగిపోయింది, డొక్కలో పొడుస్తోంది. ఒక తూము గట్టుమీద కూలబడ్డాను. నాతో ఉన్నది కుట్టుపని చెల్లి ఒక్కతే. ఏలూరు సాయిబుల ఇంటి ఆడపడుచు, మహా మంచిది. నువ్వెళ్లమ్మా, నాకోసం ఆగితే ఇంకో పిల్ల మిషనూ పోతుందని నేను. "మిమ్మల్ని వదిలి ఏ మొహం పెట్టుకుని వెళ్లనక్కా? లేవండి, లేవకపోతే నేనూ ఇక్కడే కూర్చుంటా" అని తను. అలా అని నిజంగానే కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, ఒకరికి బదులు ఇద్దరు పిల్లలు పోతారే అని.

తూముకి అటుపక్క చేపలమ్ముకునే ఒకావిడ గంప దించుకుని బేరాలు చూసుకుంటోంది. నా వయసుదే. మా ఇద్దరి గొడవా విని దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ లంక వదినా మీది?"

చెప్పాను.

"అదీ సంగతి! గంప మోసిన ఒళ్లు వట్టి నెత్తితో పరిగెడితే నడుం నిలుస్తుందేటి?" అని, అడుగున నాలుగు జెల్ల చేపలు మిగిలిన గంపని, కిందపెట్టే గుడ్డ చుట్టకుదురుతో సహా తెచ్చి నా నెత్తిన పెట్టేసింది. "గంప తర్వాత తెచ్చిద్దువు గానీ, ముందు ఫో!" అంటూ వీపుమీద ఒక్క చరుపు చరిచింది.

ఎలా చెప్పనండీ, ఆ బరువు నెత్తిన పడీ పడగానే మెడ నిటారుగా లేచింది, మెడతో నడుం, నడుంతో కాళ్లు. అత్తగారు ముందు పరిగెడుతున్నట్టే ఉంది. చెయ్యి గంపకి పోయింది, చిన్న చిన్న అడుగులు వాటంతటవే పడ్డాయి. చెల్లి నా వెనకాల పరిగెడుతూ, "నెమ్మదక్కా, నేను గంప మొయ్యలేదు!" అని నవ్వుతోంది. ఆఖరి మలుపులో ఆటల మాస్టారు చేతికర్రతో నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "చెయ్యి దించకండమ్మా, దించకండి!" అని గొంతు చించుకుని అరిచారు. గంపలోంచి నీచు నీళ్లు చెవిమీదుగా కారుతుండగా గీత దాటాను, నా వెనకే చెల్లీ దాటింది. టైమింకా మిగిలే ఉంది, పదిమంది పిల్లలకీ మిషన్లు ఖాయమయ్యాయి. ఆ రాత్రి బడిలో ఆ నాలుగు జెల్లలతోనే పులుసు పెడితే, కాళ్లు చాపుకుని మూలుగుతున్న అందరికీ తలో చెంచా వచ్చింది. అంత రుచి మళ్లీ ఎన్నడూ ఎరగను.

మరుసటి ఆదివారం చెల్లీ నేనూ అరిసెలు పట్టుకుని బస్సెక్కి గంప ఇవ్వడానికి వెళ్లాం. ఆవిడ అరిసెలు తీసుకుంది గానీ గంప తీసుకోలేదు. వాళ్లబ్బాయి ప్లాస్టిక్ టబ్బు కొనిచ్చాడట. ఆవిడ పేరు అడగడం ఇద్దరం మరిచిపోయాం. ఇప్పుడు ఆ గట్టున గంపలూ లేవు, గంపలెత్తినవాళ్లూ లేరు, ఐసు ట్రేలతో వ్యాన్లు పోతున్నాయి. మంచిదేలెండి, మెడలు బతికాయి. అయినా, బరువెత్తితేనే నిటారుగా నిలిచే మాలాంటి ఒళ్లు ఇంక పుట్టవేమో అనిపిస్తుంది, మూలన ఉల్లిపాయలు పోసుకున్న ఆ గంపని చూసినప్పుడల్లా.

ఆ పిల్ల ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసులో తోటివాళ్లతో కలిసి వచ్చే ఆదివారం తనూ మొదటిసారి అంత దూరం పరిగెడుతుందట, వినికిడి తగ్గిన ముసలివాళ్లకి మిషన్ల కోసం. మిషను ఇవ్వాల్సినవాళ్లలో మీ పేరూ రాయించానమ్మమ్మా అని చెప్పింది. నాకు సరిగా వినబడలేదు. అప్పుడది విసుక్కోకుండా, నేను పొయ్యి దగ్గర ఉప్పూ చింతపండూ నేర్పినట్టే, ఒక్కో అక్షరం విడదీసి నాకు మళ్లీ చెప్పింది.

సరే, పొద్దుపోయింది, మీవాళ్లు ఎదురుచూస్తుంటారు. వెళ్లిరండి. మీ ఇంట ఒకరు పిలిస్తే ఒకరికి వినబడాలి, ఒకరు కూలబడితే ఒకరు పక్కన కూర్చోవాలి. మీ గడప ఎప్పుడూ చల్లగా ఉండాలి తల్లీ.