లడ్డూల కింది పేరు

గోల్‌మురిలో ఉండే త్రివేణి సాక్చి బజార్లో పాత స్టీలు పళ్లాలు కొని, రెండింటి మధ్య గ్లాసు అతికించి మిఠాయి స్టాండ్లు చేస్తుంది. పక్కింటి సన్యాసమ్మ మునిమనవరాలి బారసాలకు ఒకటిచ్చింది.

లడ్డూలు తగ్గేకొద్దీ పై పళ్లెంలో చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి: ‘కీర్తిశేషులు పైడమ్మ జ్ఞాపకార్థం’. తోమిందే గాని చదవలేదు మహాతల్లి! చావుకు పంచిన పళ్లెం పసిబిడ్డ వేడుకలో!

త్రివేణి వంటింట్లోకి పరుగెత్తింది. లడ్డూలు తెచ్చి కప్పింది. చుట్టాలు తినేశారు. మళ్లీ కప్పింది. డబ్బా ఖాళీ అయిపోయింది.

సన్యాసమ్మ ఆఖరి లడ్డూ తీసి, అక్షరాలను వేలితో తడుముతూ చదివింది.

“మా అమ్మ దినాలకి మేం పంచిన పల్లెమే ఇది” అంది ముసలామె. తలెత్తి, గదినిండా ఉన్న చుట్టాలకేసి చూసింది.

“మా అమ్మని అమ్మీసినోలు ఎవులర్రా?”