ఓలీటా చెయ్యి, ఓలీటా రైఫిల్

మా ఓక్లహోమా పల్లెల్లో ఫైరింజనుకి కొత్త పైపులు కావాలంటే ఓ రైఫిల్ బహుమతిగా పెట్టి లాటరీ నడుపుతాం. మా పక్క పొలంలో ఆవులు పెంచే మిస్ ఓలీటా ఏటా టికెట్ కొని మరిచిపోయేది. ఈసారి ఆమెకే తగిలింది.

రైఫిల్ తెచ్చుకోవడానికి డ్వేన్ తుపాకుల కొట్టుకి నేనే తీసుకెళ్లాను. గుర్తింపు అడిగితే, లైసెన్సుతో పాటు గంజాయి మందు కార్డు కూడా దర్జాగా బల్లమీద పెట్టింది. గడ్డి మోపులు కట్టే యంత్రంలో పడి నలిగిన చెయ్యి ఆమెది. ఆ గంజాయి బిళ్ల పడితే తప్ప నొప్పీ వణుకూ ఆగవు.

డ్వేన్ మొహం వెలవెలబోయింది. "అయ్యో, అదెందుకు చూపించారండీ?"

"ఎందుకేంట్రా? ఇదీ ప్రభుత్వం ఇచ్చిందేగా!"

"ఇచ్చింది మన రాష్ట్రం. గంజాయి వాడేవాళ్లు తుపాకీ ముట్టకూడదని వాషింగ్టన్ చట్టం. పోయిన మీ ఆయన రైఫిల్ ఇంట్లో ఉన్నా, అదీ ముట్టకూడదు."

"మరి మీ మామ? విస్కీతో పళ్లు తోముకుంటాడు, గోడ నిండా తుపాకులే!"

కొట్లో అందరూ పకపకా నవ్వారు. డ్వేన్ మాత్రం రైఫిల్ ఇవ్వనని కార్డు వెనక్కి తోసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో నాకే తెలియలేదు.

అది ఆవులు ఈనే కాలం. అప్పుడే పుట్టిన దూడల కోసం, తోడేలు జాతి కొయోటీలు మంద చుట్టూ కాచుకుని ఉంటాయి. చనిపోయిన మొగుడి రైఫిల్ లేకుండా మందని కాయలేనని ఓలీటా బిళ్లలు మానేసింది. ఇక నొప్పికి కూర్చోదు, పడుకోదు. వరండాలో ఆమె తిరుగుడు చూస్తుంటే నాకే కాలు నిలిచేది కాదు.

ఓ పొద్దున్న మా రెండు పొలాల మధ్య కంచె బాగుచేస్తుంటే ఆమె కేక వినపడి పరుగెత్తాను. తడి ఆరని దూడ, దాని వెనకే కొయోటీ. ఓలీటా రైఫిల్ ఎత్తింది. గొట్టం ఓసారి కొయోటీ మీదికి, ఓసారి దూడ మీదికి ఊగుతోంది.

"నా వల్ల కాదు. నువ్వు కాల్చవయ్యా!"

రైఫిల్ అందుకుని కాల్చాను. కొయోటీ పడిపోయింది.

రైఫిల్ ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచుకో," అని జేబులోంచి బిళ్ల తీసి నోట్లో వేసుకుంది. గంట తర్వాత అదే చేత్తో నాకు కాఫీ పోసింది. చుక్క ఒలకలేదు.

"కొయోటీ మళ్లీ వస్తే ఫోన్ చేస్తా. వస్తావుగా?"

"ఎందుకు రాను?" అన్నాను. ఆ పూట కంచె దగ్గర ఉన్నాను గానీ, మా ఇంటి నుంచి అక్కడికి బండి మీద పావుగంట పడుతుంది; కొయోటీకి దూడని పట్టడానికి నిమిషం చాలు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.