అత్తమ్మ చెప్పిన జవాబు నేను మార్చాను

ఒక అబద్ధం కొన్నేళ్ళుగా నా దగ్గర ఉంది. దాన్ని దాచడానికి పెద్దగా కష్టపడింది కూడా లేదు. ఎవరూ అడగలేదు. అడగకపోగా మెచ్చుకున్నారు, చప్పట్లు కొట్టారు, దాని పుణ్యమా అని ఉద్యోగం కూడా వచ్చింది. ఒక్కరు గట్టిగా నిలదీసి ఉంటే ఎప్పుడో కక్కేసేదాన్ని. మోసీ మోసీ విసుగొచ్చింది. అందుకే నీకు చెబుతున్నాను. చదివి ఊరుకో, ఓదార్చకు. ఓదార్పు నాకు అసలు పడదు.

మాది కోరుట్ల. వరద ముప్పు నిర్వహణ అనే సబ్జెక్టులో పీజీ చేశాను. వరదను నిర్వహించేదేముంది, వస్తుంది పోతుంది అన్నాడు మా నాన్న. నాకు మాత్రం ఆ చదువు నచ్చింది. నీళ్ళు ఎటు పారతాయో లెక్క కట్టొచ్చు, పటం గీయొచ్చు. మనుషులు ఎటు పోతారో తెలుసుకోవడమే కష్టమని మా గైడు క్లాసులో పదే పదే అనేవారు. ఆ కష్టాన్నే థీసిస్‌కి ఎంచుకున్నాను. వరద హెచ్చరిక వినగానే జనం ఏం చేస్తారు? అంతే ప్రశ్న.

మా మేనత్త సిరిసిల్లలో ఉంటుంది. చెరువు కింద, పల్లంలో వాళ్ళ వీధి. ఇంటింటా మరమగ్గాలు, వాళ్ళ మాటల్లో సాంచాలు. ఆమె నూలు కండెలు చుట్టే పనికి పోయేది. సర్వే చేసినన్నాళ్ళూ నా తిండీ పడకా అక్కడే. పొద్దున్నే టీ పోసి, తనే నా వెంట వచ్చి తలుపులు కొట్టేది. మా అన్న బిడ్డ, పెద్ద చదువు చదువుతోంది, అడిగింది చెప్పండి అని అందరినీ బతిమాలేది. ఆ సాంచాల చప్పుడులో అరిచి అరిచి నా గొంతు పోయింది. చెరువు నిండి మత్తడి పారబోతోంది, మిట్ట మీది బడికి వెళ్ళండి అని మైకులో చెబితే మీరేం చేస్తారు? మత్తడి అంటే చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే రాతికట్టు. దాదాపు అన్ని ఇళ్ళలోనూ ఒకటే జవాబు. చూడడానికి పోతాం.

నాకు ఒళ్ళు మండింది. నేను మాత్రం ఎక్కడ పుట్టాను? చిన్నప్పుడు నాన్న సైకిల్ ముందు కూర్చుని నేనూ మత్తడి చూడడానికి పోయినదాన్నే. మా వైపు నీళ్ళు పొర్లి మత్తడి దుంకిందంటే ఊరికి పండగ. ఆడవాళ్ళు పసుపు కుంకుమ పట్టుకుని పోతారు, ఇప్పుడు ఫోన్లు కూడా. చెరువులు ఎండి నెర్రెలు బారడం ఏళ్ళ తరబడి చూసినవాళ్ళను, నిండిన చెరువును చూసి భయపడమంటే ఎందుకు భయపడతారు? ఇదంతా నాకు తెలుసు. తెలిసీ వాళ్ళ మీదే చిరాకు పడ్డాను.

సెమినార్‌లో ఈ సంగతి చెబితే క్లాసంతా నవ్వింది. వరదకు ఎదురెళ్ళి ఫొటోలు దిగుతారా మీవాళ్ళు అన్నాడొకడు. గైడు నవ్వలేదు. ఇదే అసలు విషయం, వానాకాలం దాకా ఆ వీధిలోనే ఉండి నీ కళ్ళతో చూసి రాయి అన్నారు. అంటే ఇంకా కొన్ని నెలలు. తోటివాళ్ళంతా ఉద్యోగాలకు పోతుంటే నేను సాంచాల మధ్య. నన్ను ఏది ఎక్కువ గుచ్చింది, ఆలస్యమా, ఆ నవ్వా? చాలాసార్లు వేసుకున్నాను ఈ ప్రశ్న. నవ్వే అనుకుంటాను. మావాళ్ళు తెలివితక్కువగా కనిపించకూడదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, నేను తెలివిగా కనిపించాలన్నదే అసలు ఆరాటం.

మళ్ళీ సిరిసిల్ల వెళ్ళాను. మేనత్త చాటలో బియ్యం ఏరుతోంది.

"అత్తమ్మా, మైకుల బడికి పొమ్మంటే బడికే పోవాలె గదా. మత్తడి కాడికి ఎందుకు పోతరు?"

"గదేంది బిడ్డా. మత్తడి దుంకుతుందంటే ఇంట్ల ఎవరన్న కూసుంటరా? గంగమ్మకు పసుపు కుంకుమ ఎయ్యద్దా?"

"గట్ల రాస్తే క్లాసుల మనల జూసి నవ్వుతున్నరు."

ఆమె చాట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "నవ్వుతున్నరా? అయితె నీకు ఏది మంచిగుంటె గది రాసుకో. మాదేం పోతది."

ఆ మాటను నేను అనుమతిగా తీసుకున్నాను. ఎంత సులువుగా తీసుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఒక్క తలుపూ కొట్టలేదు. కూర్చున్నచోటే జవాబులన్నీ మార్చేశాను. బడికి వెళ్తాం, బడికి వెళ్తాం, బడికి వెళ్తాం. గైడుతో మళ్ళీ అడిగి వచ్చానన్నాను. మొదటిసారి ఆ చప్పుడులో వాళ్ళకు ప్రశ్న సరిగా అర్థం కాలేదన్నాను. ఆయన నమ్మారు. అర్థం కానిది వాళ్ళకట!

పట్టా వచ్చింది. ఎవరూ అడగకుండానే, సిరిసిల్లలో వానాకాలం జాగ్రత్తలు చూసేవాళ్ళ దగ్గరికి నేనే పోయి ఆ థీసిస్ ఇచ్చాను. గర్వంగా ఇచ్చాను. వాళ్ళు పాపం అందులో ఉన్నట్టే ఏర్పాట్లు చేశారు. వీధిలో తిరగడానికి మైకు కట్టిన ఆటో. బడి దగ్గర మనుషులు, తాళ్ళు, వండిన అన్నం. మత్తడి దగ్గర ఎవరూ లేరు. ఎందుకుంటారు? అటు ఎవరూ పోరని రాసింది నేనే కదా.

ఆ వానాకాలం గట్టి వాన పడింది. ఆటో తిరిగింది. వీధి వీధంతా మత్తడికి నడిచింది. మేనత్త పసుపు కుంకుమ పట్టుకుని అంచుదాకా దిగి, పాచి రాయి మీద జారిపడింది. నీళ్ళు ఈడ్చుకెళ్ళి బండల మధ్య పడేశాయి. పక్కింటివాళ్ళు చీరలు ముడేసి ఆమెను బయటికి లాగారు. తాళ్ళన్నీ బడి దగ్గరున్నాయి. విరిగిన కాలు సరిగా అతకలేదు. నిలబడి చేసే కండెల పని ఆమె మానేయాల్సి వచ్చింది.

నేనిప్పుడు జగిత్యాలలో వరద జాగ్రత్తల మీద శిక్షణ ఇస్తాను. నవ్వొస్తోందా? ప్రతిసారీ నా థీసిస్‌లోని పట్టికను తెర మీద వేస్తారు. మొన్నామధ్య మల్యాల నుంచి వచ్చిన ఒకావిడ, ఇట్ల బడికి ఎవరు పోతరు మేడం అని అడిగింది. సర్వేలో తేలింది అన్నాను. ఆమె నోరు మూయించాను.

పోయిన వారం చెప్పేద్దామనే సిరిసిల్ల వెళ్ళాను. వేములవాడలో బస్సు మారేదాకా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఇంట్లో ఎవరో చుట్టం ఉంది. మేనత్త ఆమెకు కాలు విరిగిన కథ చెబుతోంది.

"మైకుల మంచిగనే చెప్పిండ్రు. నేనే ఇనలే. బిడ్డ గంత సదువుకొని రాసిపెడితె, నాకే బుద్ధి లేకపాయె."

చుట్టం తలూపింది. చదువుకున్నవాళ్ళ మాట వినాలని ఆమె కూడా ఒక మాట అంది. నేను పక్కనే కూర్చుని టీ తాగుతున్నాను. అరవాలనిపించింది, మేనత్త మీద కూడా. ఈ మనిషి తప్పును ఇంత తేలిగ్గా నెత్తినేసుకోవడమేమిటి? చెప్పి ఉంటే ఏం చేసేది? అక్కడికక్కడే క్షమించి ఇంకో టీ పోసేది. ఆ క్షమను నేను తట్టుకోలేను, అందుకే చెప్పలేదని తిరుగుదారంతా అనుకుంటూ వచ్చాను. ఇదీ సాకేనా? సాకే. భయపడ్డాను, అంతే.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ వీధివాళ్ళకు నా ప్రశ్న బాగానే అర్థమైంది. వాళ్ళు నిజం చెప్పారు. నేను మార్చాను. మా మేనత్త బుద్ధి లేక చేసిందేమీ లేదు. ఏం చేస్తానని నాకు ముందే చెప్పిందో అదే చేసింది.

ఇంత రాశాక గుండె కాస్త తేలికైన మాట నిజం. ఆ తేలికను చూసుకుంటేనే మళ్ళీ చిర్రెత్తుకొస్తోంది. అక్కడ ఆమె గోడ పట్టుకుని నడుస్తూ, అడిగినవాళ్ళందరికీ ఇంకా తన తప్పేనని చెబుతోంది.