ఆరు లంకలు దాటిన ఫోర్‌మన్ గారు

"లంకల సార్ పోయిండు పంతులూ."

మంగళవారం పొద్దున గిర్నికి బెల్టు ఎక్కిస్తుంటే వచ్చిన కబురు ఇది. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన పాలాయన డబ్బా దించుతూ చెప్పాడు. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, సైకిలు బయట పెట్టి, గడప మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారట. గుండె ఆగిపోయిందన్నారు.

పోయినది మా ఎదురింటి ఫోర్‌మన్ గారు. నన్ను ముందు కొట్టింది చావు కబురు కాదు, ఆ పేరు. లంకల సార్. కన్నవాళ్ళు పెట్టిన పేరు మా కాలనీలో సగం మందికి తెలియదు. ఈ పేరు పెట్టినది నేను. వెక్కిరించడానికి పెట్టాను. మనిషి పోయిన రోజున కూడా ఆ వెక్కిరింతే ఆయన కంటే ముందు వీధంతా తిరిగింది.

నన్ను ఎరగనివారికి రెండు మాటలు. పోతిరెడ్డిపల్లిలో పిండి గిర్ని నడుపుకునేవాణ్ణి. ఆరో తరగతితో బడి అయిపోయింది. గురువు లేడు. రాళ్ళ మధ్య జొన్నలు నలుగుతుంటే ఒళ్ళో గ్రంథం పెట్టుకుని చదువుకున్నాను. ఇప్పటికీ ఏ పేజీ తిప్పినా పిండి రాలుతుంది. శనివారం సాయంత్రం గుడి మండపంలో పురాణం చెప్పడానికి మైకు ముందు నిలబడితే నాకు ఒళ్ళు తెలియదు. తాగేవాణ్ణి, తూకంలో మోసం చేసేవాణ్ణి, అత్తను తిట్టే కోడల్ని, కోడల్ని కాల్చుకుతినే అత్తని, అందరినీ దులిపేసేవాణ్ణి. జనం పుణ్యం కోసమే వచ్చేవారా? ఈ వారం ఎవడికి పడుతుందో చూద్దామని కూడా వచ్చేవారు. అది నాకు తెలుసు. తెలిసే, ఆ మంటకు పుల్లలు ఎగదోశాను.

ఫోర్‌మన్ గారిది గోదావరి వైపు. ఎనభైల మొదట్లో పటాన్‌చెరు దగ్గరి ఫ్యాక్టరీకి ఫిట్టర్‌గా వచ్చి, చేస్తూ చేస్తూ ఫోర్‌మన్ అయ్యారు. పొద్దున కంపెనీ బస్సు ఎక్కే దాకా సైకిలు, దిగాక మళ్ళీ సైకిలు. కుడి పాదం దగ్గర ప్యాంటుకు ఇనుప క్లిప్పు పెట్టుకునేవారు. దిగాక కూడా తీయడం మరిచిపోయేవారు. గుళ్ళో కూర్చున్నా ఆ క్లిప్పు అలాగే ఉండేది. శనివారం సాయంత్రం గుడికి వచ్చే ముందు సైకిలు గొలుసుకు కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగా వేసి, పాత బనీను గుడ్డతో తుడిచేవారు. ఆయన సైకిలు వస్తుంటే చప్పుడు ఉండదు. వెనక నుంచి వచ్చి పక్కన నిలబడి "ఏమండీ" అంటే ఉలిక్కిపడేవాళ్ళం.

ఇంకో అలవాటు ఉండేది. దారిలో వంతెన వస్తే, అది చిన్న మోరీ మీది కల్వర్టు అయినా సరే, మధ్యలో సైకిలు దిగేవారు. ఇటు ఒకసారి, అటు ఒకసారి చూసి మళ్ళీ ఎక్కేవారు. ఎందుకని అడిగినవాడు లేడు. నవ్వినవాళ్ళు మాత్రం చాలామంది.

నా గిర్ని ఆగిపోతే పిలవకుండానే వచ్చేవారు. ఒకసారి నేను నట్టు పెట్టి బలమంతా వేసి బిగిస్తుంటే చేయి పట్టుకుని ఆపారు.

"ఆగండాగండి. ముందు ఒక చుట్టు వెనక్కి తిప్పండి."

"బిగియ్యాలె గాని, ఎనుకకు తిప్పుడేంది సార్?"

"వెనక్కి తిప్పితేనే నట్టు లోపలి మర గాడి ఎక్కడుందో తెలుస్తుందండీ. టక్కుమని కూర్చుంటుంది. అప్పుడు బిగించండి. మొండిగా బిగిస్తే మర చెడిపోద్ది, ఇక జన్మలో పట్టదు."

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో కొత్త మిషను నేర్చుకోవడానికి ఫ్యాక్టరీవాళ్ళు ఆయన్ని రెండు నెలలు జపాను పంపారు. తిరిగి వచ్చిన మూడోరోజే బియ్యం డబ్బా పట్టుకుని గిర్నికి వచ్చారు. ఆడవాళ్ళు నలుగురు వరుసలో ఉన్నారు.

"ఏం సార్, జపాన్‌ల ఏం జూసిన్రు?" అన్నాను.

"మిషన్లు చూశానండీ. అది సరే గానీ, ఒక ఆదివారం సెలవిస్తే సైకిలు అద్దెకు తీసుకుని సముద్రం దాటానండీ!"

ఆ మనిషి గొంతు పెద్దదవడం ఆరోజే విన్నాను. "ఆరు లంకలండీ! లంక నుంచి లంకకి వంతెన. మొదటి లంకకి మాత్రం చిన్న పడవ, సైకిలుతో సహా ఎక్కించుకుంటాడు. ఆ తర్వాత పడవ మాటే లేదు. కింద ఓడలు పోవాలి కదా, వంతెనలు ఎక్కడో ఆకాశంలో ఉంటాయి. అయినా సైకిలువాడు రొప్పకూడదని దారిని మెల్లగా తిప్పి తిప్పి పైకి ఎక్కిస్తారు. ఒక వంతెన మీదయితే పైన కార్లు, కింది అంతస్తులో సైకిళ్ళూ. లంకల నిండా నారింజ తోటలు. చివరి వంతెన కింద నీళ్ళు సుడులు తిరుగుతున్నాయండీ, అచ్చం వరద గోదారే. పొద్దున ఎక్కితే పొద్దుగూకే లోపల ఆరు లంకలూ దాటి అవతలి గడ్డ మీద దిగాను."

నా చెవి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. లంక. మా వైపు పుట్టినవాడికి లంక ఒక్కటే. అది గ్రంథంలో ఉంది. రాక్షసులది. ఆరు లంకలా? అదీ సైకిలు మీదా? విదేశం పోయివచ్చి, చదువుకోని వాళ్ళం కదా అని కోతలు కోస్తున్నాడనుకున్నాను. అడగలేదు. "లంకంటే ఏంది సార్" అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ రాత అక్కర్లేకపోయేది. గ్రంథం చంకలో ఉన్నవాడు ఎవరినైనా ఏమైనా అడుగుతాడా?

ఆ శనివారం వారధి కట్టే ఘట్టం చెబుతున్నాను. మండపం కిక్కిరిసి ఉంది. మైకులో అన్న ప్రతి మాటా నాకు ఇంకా గుర్తుంది.

"అమ్మలారా, అయ్యలారా! సముద్రం దాటాలంటే స్వామికే వారధి కావాల్సి వచ్చింది. కోతులు కొండలు మోసినయ్! మన కాలనీల ఒక పెద్దమనిషి ఉన్నడు. కొండల్లేవు, కోతుల్లేవు, సైకిల్ మీద దాటిండంట! ఒక్క లంక గాదు, ఆరు లంకలు! పది తలకాయలున్నోనికే ఒక్క లంకుంటే, ఈయనకు ఆరంట! తలకాయ జూస్తే ఒక్కటే!"

మండపం పగిలిపోయేలా నవ్వారు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మూడో వరుసలో, స్తంభం పక్కన ఆయన కూర్చుని ఉన్నారు. ఆయన కూడా నవ్వారు. తర్వాత వంగి కాలి క్లిప్పు సర్దుకున్నారు. చాలాసేపు సర్దుకున్నారు. హారతి దాకా ఉండి, ప్రసాదం కళ్ళకు అద్దుకుని వెళ్ళారు.

మర్నాటి నుంచి ఆయన లంకల సార్. బస్సులో తోటివాళ్ళు "ఏడో లంక ఎప్పుడు సార్?" అనేవారట. పిల్లలు ఆయన సైకిలు గంట నొక్కి పారిపోయేవారు. జపాను మాట ఆయన మళ్ళీ ఎక్కడా ఎత్తలేదు.

ఏడాది గడిచింది. ఒకరోజు గిర్ని బేరింగు పోతే ఆయన వచ్చి మారుస్తున్నారు. కొత్తగా కాలనీలోకి దిగిన గోదావరి వైపు అమ్మ ఒకామె బియ్యం పట్టించడానికి వచ్చి కూర్చుంది.

"అందరూ మిమ్మల్ని లంకల సారంటారేంటండీ?" అంది.

"మాది లంకేనండీ మరి."

"అయ్యో, ఏ లంకండీ? మాదీ లంకే!"

నా చేతిలో గ్రీసు డబ్బా ఉంది. "ఆగున్రి. లంకంటే?" అన్నాను.

ఆ తల్లి నన్ను జాలిగా చూసింది. "ఏటి మధ్యలో ఉండే ఊరండీ పంతులు గారూ. చుట్టూ నీళ్ళు. మా వైపు ఎన్ని లంకలో!"

దీవి! ఇంతే. చంటిపిల్లలకు తెలిసిన మాట. ఆ సముద్రంలో ఆరు దీవులు, వాటి మధ్య వంతెనలు. మనిషి ఒక్క ముక్క కూడా అబద్ధం ఆడలేదు.

ఆమె పిండి తీసుకుని వెళ్ళాక ఆయన తల ఎత్తకుండానే చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళ అక్కకు జ్వరం ముదిరింది. మంచం మీద మోసుకుని రేవుకు తెచ్చారు. గోదావరి ఉరకలేస్తోంది. పడవ అవతలి గట్టున ఉంది.

"పడవవాడు కనపడుతున్నాడండీ. చెయ్యి ఊపుతున్నాడు, ఇప్పుడు కుదరదని. గట్టు మీద మనుషులు కనపడుతున్నారు. అంత దగ్గర. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం. ఆ తర్వాత అక్కని అవతలికి తీసుకెళ్ళాల్సిన అవసరం లేకుండా పోయింది." స్పానరు గుడ్డతో తుడుస్తున్నారు. "జపానులో ఒక వంతెన మధ్యలో దిగి నిలబడ్డానండీ. పది నిమిషాలు తొక్కితే అవతలున్నాను. పది నిమిషాలు."

గ్రీసు డబ్బా కింద పెట్టాను. "గప్పుడే ఎందుకు చెప్పలే సార్? మందిల అంత మాటంటి గదా నేను," అన్నాను.

"మీరు మైకులో ఉన్నారు కదండీ. నేను కిందున్నాను."

"ఈ శనివారం మైకులనే చెప్త. తప్పు నాదేనని అందరి ముంగట చెప్త."

వద్దులెండి అంటారనుకున్నాను. మంచివాళ్ళు వద్దంటారు, మనం బతికిపోతాం. ఆయన స్పానరు సంచిలో పెట్టి, "సరేనండీ. వస్తాను," అన్నారు.

వచ్చారు. మూడో వరుస, స్తంభం పక్కన. ఆ వారం ముందు వరుసలో గుడి పెద్దలు ఉన్నారు. పంతులుకు లంక అంటే ఏమిటో కూడా తెలియదట అని నవ్వుతారనిపించి దాటవేశాను. పై వారం పండుగ రద్దీ అనుకున్నాను. ఆ పై వారం నాకు నేను చెప్పుకున్న సాకు గుర్తు కూడా లేదు. నెల గడిచాక చెప్పడం కష్టమైంది. ఏడాది గడిచాక మరిచిపోయి ఉంటారులే అనుకోవడం సులువైంది. నాలుగేళ్ళు ఆయన ఒక్క శనివారం మానలేదు. వెళ్ళేటప్పుడు "బాగా చెప్పారండీ" అనేవారు. అంతకు మించి ఒక్క మాట అడగలేదు.

చదివే అయ్యలారా, వినండి. నోటి మాటను కూడా తపస్సు అన్నారు పెద్దలు. నిజమై ఉండాలి, ఎదుటివాణ్ణి పొడవకూడదు. ఆ శ్లోకం నాకు కంఠస్థం. వందసార్లు మైకులో చెప్పాను. ఆయన ముందే చెప్పాను. చెబుతుంటే నాకు సిగ్గు వేయలేదు.

రిటైరయ్యాక ఒక ఆదివారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని మంజీర నది దాకా తొక్కారు. నాకు సైకిలు రాదు. వంతెన మధ్యలో దిగాం. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, కొంగలు మెలుగుతున్నాయి.

"వీధిలో పిల్లలు కూడా లంకల తాతా అంటున్నారండీ," అన్నారు, నవ్వుతూనే.

అడగడమంటే అదే. అంతకంటే ఎలా అడుగుతారు? నేనేమన్నానో తెలుసా? "పోరగాండ్లు గద సార్, వాళ్ళకేం దెలుసు!"

ఆయన అవతలి గట్టు వైపు చూసి, "ఎక్కండి, ఎండెక్కుతోంది," అన్నారు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఆయన ఇల్లాలు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "శనివారం శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకునేవారండీ," అంది. "ఈ వారం చెప్తారేమోనే పంతులు గారు, అనేవారు."

ఆ శనివారం చెప్పాను. గ్రంథం మూసి పక్కన పెట్టి, లంకంటే ఏమిటో, వాళ్ళ అక్క సంగతి, ఆరు వంతెనల సంగతి, నా తప్పు, నా నాలుగేళ్ళ పిరికితనం, అన్నీ మైకులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. దేనికి భయపడ్డానో అది జరగనే లేదు. వెనక నుంచి ఒక ముసలాయన మాత్రం మెల్లగా అన్నాడు, "ఇప్పుడెవలికి చెప్తున్నవ్ పంతులూ?"

స్తంభం పక్కన చోటు ఖాళీగా ఉంది. నట్టు వెనక్కి తిప్పాను. మర ఎప్పుడో చెడిపోయింది.

మర్నాడు ఆ ఇల్లాలిని అడిగి సైకిలు తీసుకున్నాను. తొక్కడం రాదు కనుక మంజీర దాకా నడిపించుకుంటూ పోయాను. హ్యాండిలుకు క్లిప్పు తగిలించి ఉంది. గొలుసుకు ఆయన వేసిన నూనె ఇంకా ఆరలేదు. దారి పొడుగునా చక్రం చప్పుడు లేకుండా నా పక్కన నడిచింది. వంతెన మధ్యలో ఆగాను. అవతలి గట్టు మీద బర్రెలు కాసే మనిషి నన్ను చూసి కేకేశాడు.

"అది లంకల సార్ సైకిల్ గదా పంతులూ?"

"అవును! లంకంటే ఏందో ఎరుకేనా నీకు?" అని అరిచాను.

గాలికి నా మాట అతనికి అందలేదు. నా ముందు మైకు లేదు. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు, అంత దగ్గర.