సింకు అంచు దేనిమీద కూర్చుంటుంది?

జర్మనీలో అద్దె ఇల్లంటే చాలాసార్లు నాలుగు గోడలే. పాత అద్దెదారు వంటగది మొత్తం విప్పుకుని పట్టుకుపోతాడు. గోడలోంచి రెండు నీళ్ల గొట్టాలు మాత్రం మనల్ని చూస్తుంటాయి. కెమ్నిట్జ్‌లో మేము దిగిన ఇల్లూ అంతే. ఐదు వారాలుగా మా ఆవిడ స్నానాల తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని అందులోనే గిన్నెలు తోముతోంది. వంటగది బిగించేవాళ్లని అడిగితే రెండు నెలలదాకా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, లేదన్నారు.

నేను భయపడలేదు. నగర గ్రంథాలయం నుంచి నిర్మాణ పనుల నిర్వహణ మీద నాలుగు పుస్తకాలు తెచ్చుకున్నాను. కాలేజీలో నేను చదివింది కామర్స్. మిగతాదంతా లైబ్రరీల చలవ. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం కూడా. వంతెనలు, ఆసుపత్రులు ఎందుకు సకాలంలో పూర్తవుతాయో, ఎందుకు మధ్యలో చతికిలబడతాయో నిఘంటువు పక్కన పెట్టుకుని పదిరోజుల్లో చదివేశాను. ఏ పనికి ఎవరు బాధ్యులో ముందే రాసుకోవాలట. పెద్ద కాగితం మీద గడులు గీసి గోడకి అంటించాను. ఒక్క గడిలో తప్ప అన్నిట్లోనూ బాధ్యుణ్ణి నేనే. ఆ ఒక్కటీ, అంటే కొలతలు, సాయానికొచ్చిన కాకినాడ మిత్రుడిది. మా ఆవిడకి గడే లేదు. పని తగ్గిద్దామనే.

శనివారం మధ్యాహ్నం అసలు ఘట్టం. మూడు మీటర్ల చెక్కగట్టులో కన్నం కోసి, అందులోకి సింకు దించాలి. కోత తప్పితే కొత్త చెక్క రావడానికి ఆరు వారాలు. మా ఆవిడకి తొట్టి దగ్గర ఇంకో ఆరు వారాలు.

మిత్రుడు సింకును చెక్కమీద బోర్లించి, చుట్టూ పెన్సిలుతో గీసి చేతులు దులుపుకున్నాడు.

"కొలతలు అయిపోయినట్టేనండీ. కానిచ్చేయండి గురూగారూ!"

నేను గడిలో టిక్కు పెట్టి రంపం మిషన్ అందుకున్నాను.

మా ఆవిడది కరీంనగర్. గిన్నెల బుట్ట చంకన పెట్టుకుని గుమ్మంలో ఆగి ఆ గీతకేసి చూసింది.

"గా గీత మీదనే కోస్తరా?"

"అవును. పుస్తకంలో దశలన్నీ..."

"పుస్తకం జర పక్కకు పెట్టుండ్రి. గట్ల కోస్తే సింకు అంచు దేనిమీద కూసుంటది? గిన్నె మీద జల్లెడ నిలవాల్నంటే గిన్నె మూతి చిన్నగుండాలె గద?"

మేమిద్దరం చెక్కకేసి చూశాం. ఆ గీత వెంట కోస్తే సింకు నేరుగా నేలమీదికే.

"నేనూ అదే చెబుదామనుకుంటున్నానండీ అక్కగారూ," అన్నాడు మిత్రుడు.

"మరి గీసిందెవలు?" అంది ఆవిడ.

"గీసింది నేనేననుకోండి. కోసేది గురూగారు కదండీ!"

ఆవిడ పెన్సిలు లాక్కుని చుట్టూ వేలి వెడల్పున లోపలికి మరో గీత గీసింది. దాని వెంటే కోశాను. సింకు దిగి, అంచు చెక్కమీద బుద్ధిగా కూర్చుంది.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. కట్టినదాన్ని వాడబోయేవాళ్లని ముందే అడగాలని మూడింట్లో ఉంది, అదీ మొదటి అధ్యాయంలోనే. ఆ వాక్యం కింద పెన్సిలు గీత కూడా నాదే. లైబ్రరీ పుస్తకం కదా, చెరిపేశాను.

ఆ సాయంత్రం గొట్టాలు బిగించి నీళ్లు వదిలాం.

"కారుతలేదు గద?" అంది ఆవిడ.

"కారనట్టేనండీ..." అని మిత్రుడు మొదలుపెట్టాడు.

నేను నేలమీద వెల్లకిలా పడుకుని, పొడి కాగితంతో ఒక్కో బిగింపూ తడిమాను.

"ఒకచోట కారుతోంది," అన్నాను.

ఆవిడ బుట్ట కింద పెట్టి పానా అందించింది.