కన్నమ్మ మేకలు వద్దన్న గడ్డి

2004 వానాకాలం. ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట రెండు గదుల పశువుల దవాఖానాలో నేను డాక్టర్ని. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. కాలేజీలో మంచి మార్కులతో పాసైనదాన్ని కాబట్టి మేక గురించి నాకు తెలియనిది లేదనే ధీమా దండిగా ఉండేది.

ఆ ఏడాది గుట్ట మీద కొత్తగా మొక్కలు నాటారని మేకలకు అడవి బంద్ పెట్టారు. బదులుగా ఒక పథకం కింద మేకలున్న ప్రతి ఇంటికీ చిన్న జాలీ కంచె వేసి, అందులో గడ్డి పెంచారు. మేకలు అందులోనే మేయాలి. బయట కనిపిస్తే బందెలదొడ్డికి తోలేస్తామని చాటింపు కూడా వేశారు. కన్నమ్మక్కకు పన్నెండు మేకలుండేవి. భర్త పోయాక ఆమె ఇల్లు వాటి మీదే నడుస్తోంది.

కంచెలోకి తోలిన కొన్నాళ్లకే నాకు కబురు పెట్టింది. వెళ్లి చూస్తే మేకలన్నీ ముందుకాళ్లు జాలీకి ఆనించి, బయటి కొమ్మలకేసి మూతులు చాపుతున్నాయి. వాటి కాళ్ల కిందే గడ్డి పచ్చగా నవనవలాడుతోంది.

"తింటలేవు డాక్టరమ్మా. పెంటికలు పడ్డ జాగైతే అసలే ముడ్తలేవు" అంది కన్నమ్మక్క.

ఆమె చెప్పింది నిజమే. పెంటికలు పడ్డ చోట గడ్డి మోకాలెత్తు పెరిగింది. లేని చోట మాత్రం అక్కడక్కడా పైపైన కొరికి ఉంది. కళ్లారా చూశాను. చూసి కూడా, మొండివని నవ్వేశాను.

"అలవాటు లేక అట్లా చేస్తున్నాయక్కా. నువ్వు కొమ్మలు నరికి వేయడం ఆపెయ్. రెండు రోజులు కడుపు మాడితే అవే తింటాయి."

"మేకంటే తలెత్తి మేసే జీవం. తల దించి తినుమంటే ఎట్ల తింటది?"

"నేను చెప్తున్నా కదా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నెల తిరిగేసరికి ఒక మేకను ఒళ్లో పెట్టుకుని ఆటోలో దవాఖానాకు వచ్చింది. దాని దవడ కింద మెత్తటి వాపు. దీన్ని మేం బాటిల్ జా అంటాం. ఒంట్లో రక్తం తగ్గిపోతే అక్కడ నీరు దిగుతుంది. కనురెప్ప తిప్పి చూశాను. ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర కాగితంలా తెల్లగా ఉంది. సెలైన్ ఎక్కుతుండగానే దాని ప్రాణం పోయింది. పోస్ట్‌మార్టం చేస్తే కడుపు నాలుగో గది నిండా దారప్పోగుల్లాంటి పురుగులు, నట్టలు. ఆ జాతి నట్టలు కడుపు గోడకు పట్టుకుని రక్తం తాగుతాయి.

కన్నమ్మక్క ఏడవలేదు. నా మొహంలోకి చూసింది.

"నువ్వు తినవెట్టుమన్నవ్. తిన్నయ్."



ఆ నట్టల గుడ్లు పెంటికలతో పాటు బయట పడతాయి. వాన తడికి పిల్ల పురుగులై, పక్కనున్న గడ్డి మొదళ్లకు పాకుతాయి. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. కానీ మేకలు ఆ పాఠాన్ని నాకంటే బాగా పాటించాయి. తరతరాలుగా గడ్డి మేసిన గొర్రె కడుపులో నట్టలతో కొంతైనా కొట్లాడటం నేర్చుకుంది. పొదలూ కొమ్మలూ మేసే మేకకు ఆ బలం తక్కువ. అసలు వాటి జోలికే పోకుండా ఉండటం దాని పద్ధతి. ఆ పద్ధతిని ఆకలి పెట్టి మరీ నేను మాన్పించాను.

ఆ వారంలోనే ఇంకో రెండు చచ్చాయి. మిగిలిన తొమ్మిదింటికీ డీవార్మింగ్ చేశాను, అంటే నట్టల మందు తాపాను.

"ఇగ బతుకుతయా?" అని అడిగింది.

"ఇదే కంచెలో ఉంటే నట్టలు మళ్లీ పడతాయక్కా."

"గట్లయితే కంచెల ఉంచ. ఎవ్వడొచ్చి చెప్పినా ఉంచ."

ఆ పూటే వాటిని తోలుకుపోయి ఇంటి ముందు కట్టేసింది. తన చేను గట్ల మీది కొమ్మలు నరికి, అడ్డంగా కట్టిన వాసానికి మేకల తలలకంటే ఎత్తున వేలాడదీసింది. మేకలు మెడలు సాచి కరకరా తిన్నాయి. కింద రాలిన ఆకును ఒక్కటీ ముట్టలేదు.

నాలుగు రోజులకు పథకం చూసే అధికారి జీపులో వచ్చాడు. కంచె ఖాళీగా ఉండటం చూసి మండిపడ్డాడు. మేకలను తిరిగి లోపలికి తోలకపోతే బందెలదొడ్డికేనని కన్నమ్మక్కను బెదిరించి, నేరుగా దవాఖానాకు వచ్చాడు.

"డాక్టర్ గారూ, యజమాని నిర్లక్ష్యం వల్ల చనిపోయాయని రిపోర్టు రాయండి. టైముకు మందు తాపలేదని పెట్టండి."

"ఆమె నిర్లక్ష్యం చేయలేదు సార్. ఆ గడ్డి మేకలు వద్దన్నాయి, ఆమె కూడా వద్దంది."

"మేక మాట నమ్మి రిపోర్టు రాస్తారా?"

"నా మాట నమ్మితే మూడు చచ్చాయి సార్."

ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చుని రాశాను. చావుకు కారణం నట్టలు, అవి సోకిన చోటు కంచె, వద్దన్న గడ్డిని ఆకలి పెట్టి తినిపించమన్నది ఈ డాక్టరు. కింద సంతకం పెట్టి, స్టాంపు వేసి, ఒక కాపీ కన్నమ్మక్క చేతికిచ్చాను. ఆమె దాన్ని మడిచి కొంగున కట్టుకుంది.

తర్వాత నాకు మెమో వచ్చింది, దాని వెనకే జిల్లా ఆ చివరకు బదిలీ. వెళ్లే ముందు ఆ ఇంటికి పోయి లెక్కపెట్టుకున్నాను. తొమ్మిదీ ఉన్నాయి. ఆ కాగితం ఉండగా వాటిని కంచెలోకి తోలే ధైర్యం ఎవరూ చేయలేదు.

ఇప్పుడు నా దగ్గరకొచ్చే కొత్త డాక్టర్లు, పశువు మేత ముట్టడం లేదనగానే సిరంజి తీస్తారు. ముందు పోయి, అది ఏ మేతను వద్దంటోందో, ఏ చోట వద్దంటోందో చూసి రమ్మంటాను. తరతరాల కిందట అట్లాంటి మేత తిన్నవి తిని చచ్చాయి, వద్దన్నవి బతికి పిల్లల్ని పెట్టాయి. మన ముందున్నవి ఆ వద్దన్నవాటి సంతానం. అవి వద్దనడాన్ని మొండితనం అనే హక్కు నాకు లేదు. ఆ మెమో నా సర్వీసు ఫైల్లో ఇంకా అట్లాగే ఉంది, ఉండనీ. రేపు మళ్లీ రాయమన్నా ఆ రిపోర్టులో ఒక్క అక్షరం మార్చను.