ముప్పై రెండుకి తగ్గని అత్త

ఆ రోజుల్లో ఏలూరు మొత్తం మీద నా అంత గొప్ప తప్పుడు బేరం ఆడినవాళ్లు ఇంకొకరు లేరని ఇవాళ్టికీ గర్వంగా చెప్పుకుంటాను. నేను కొట్ల మధ్య పుట్టి పెరిగినదాన్ని. నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. దాని వెనకే ఇల్లు, రైలు పెట్టెలా పొడుగ్గా, గది వెనక గది, చిట్టచివర వంటిల్లు. చెప్పిన ధరకి కొనడం మా ఇంట్లో అప్రతిష్ఠ. చుట్టాల కొట్లో కొనడం అంతకన్నా తెలివితక్కువ. (బేరమాడితే మాటొస్తుంది, ఆడకపోతే డబ్బు పోతుంది.) చదువయ్యాక ఇంట్లోంచే భోజనాలు వండి పంపే వ్యాపారం పెడతానంటే నాన్న ఒక్కటే షరతు పెట్టాడు: "ఒక్క పెద్ద ఆర్డరు మాట రాకుండా నిలబెట్టు. లేదంటే నోరు మూసుకుని నా గల్లాపెట్టె దగ్గర కూర్చో."

ఆర్డరు దొరికింది. కొల్లేరు వైపు చేపల చెరువున్న రైతొకాయన, నాన్నకి పాత ఖాతాదారు, చెరువులో చేపలన్నీ పట్టే పట్టుబడి రోజున అరవైమంది కూలీలకి భోజనం కావాలన్నాడు. "చేప మాత్రం వద్దండి. తెల్లారిందగ్గర్నుంచీ దాని మొహమే చూస్తారు పాపం. వంకాయ పెట్టండి, దండం పెడతారు." తాడేపల్లిగూడెంలో మూసేస్తున్న హోటల్లో పొయ్యీ దొరికింది. రైస్ కుక్కర్ కాదండి, నాలుగు పొయ్యిలు, కింద ఓవెనూ ఉన్న పెద్ద కరెంటు కుక్కర్. ఇరవై వేలన్నదాన్ని పధ్నాలుగుకి దింపి, మహారాణిలా దాని పక్కనే ఆటోలో కూర్చుని ఊళ్లోకి వచ్చాను.

మా వీధి చివర ఎలక్ట్రికల్ కొట్టాయన దాని వెనక రేకు మీద రాసింది చదివి, "ఏడు వేల వాట్లండి. ఆరు ఎంఎం వైరు, ముప్పై రెండు ఆంప్స్ బ్రేకర్ పడుతుందండి" అన్నాడు. ఏ కొట్టువాడైనా మొదట చెప్పేదాంట్లో మూడోవంతు గాలేనని నాకు ఉగ్గుపాలతో తెలుసు. "రెండున్నర వైరూ ఇరవై బ్రేకరూ ఇవ్వండి" అన్నాను.

"అయితే అన్ని పొయ్యిలూ ఒకేసారి వెలిగించరు కదండీ?"

"అబ్బే, వెలిగించనండీ" అన్నాను, అరవైమందికి వంట ఒప్పుకున్న నోటితోనే. ఆ మీదట సన్న వైరు ధరలో కూడా ఇంకాస్త కోయించాను.

పట్టుబడికి రెండు రోజుల ముందు వండి చూశాను. నాలుగు పొయ్యిలూ ఎర్రబడ్డాయి, పప్పు ఉడికీ ఉడక్కముందే టక్కుమని ఆరిపోయాయి. బ్రేకరేమో కొట్టు ముందున్న మీటరు బోర్డులో, పప్పేమో ఇంటి చివర. గరిటె పట్టుకుని గదులన్నీ దాటి, బిందెలు బేరమాడుతున్న ఆడవాళ్ల మధ్యలోంచి పరుగెత్తి పైకి నొక్కడం, వెనక్కి వచ్చేసరికి మళ్లీ టక్కు. "గల్లాపెట్టె దగ్గర ఫ్యానుందమ్మా, చల్లగా ఉంటుంది" అన్నాడు నాన్న, లెక్క చూసుకుంటూనే.

అప్పుడు తట్టింది నాకు మహత్తరమైన ఉపాయం: బ్రేకర్ ఒక్కటి నలభైది పెట్టేస్తే సరి! వీధి చివర కొట్టుకి మళ్లీ వెళ్లడానికి మొహం చెల్లక గూడెం బస్సెక్కాను. అక్కడ ఎలక్ట్రికల్ కొట్టు నడిపేది మా మేనత్తే.

"అత్తా, నలభై ఆంప్స్ బ్రేకరొకటివ్వండి."

"వైరెంతే?"

"రెండున్నర."

"అయితే ఇవ్వను."

"ఊరికే అడగట్లేదత్తా, డబ్బులిస్తాను."

"నువ్వెంతిచ్చినా ఇవ్వను."

డబ్బు చూపించినా అమ్మననే కొట్టుమనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అత్త ముక్కు మీద కళ్లద్దాలు సర్దుకుంది. "బ్రేకరు కాపలా కాసేది నీ పొయ్యిని కాదే, వైరుని. కొల్లేట్లో నలుగురు పట్టే దోనెలో పదిమంది ఎక్కి, వద్దంటున్న దోనెవాడి నోరు నొక్కినట్టుంది నీ యవ్వారం. బ్రేకరు నోరు నొక్కితే గోడలో వైరు మండుతుంది. ఏడు వేలని రెండొందల ముప్పైతో భాగించు. ఎంతొచ్చింది?"

"ముప్పై... ఓ పిసరెక్కువ."

"అందుకే ముప్పై రెండు. అది మోయడానికి, మీ రైలింటి పొడుగుకి, ఆరు ఎంఎం."

"నాలుగు ఎంఎం చేసుకోండత్తా, మనలో మన—"

"ఇంకొక్క బేరమాడావంటే పది ఎంఎం కొనిపిస్తాను!"

జీవితంలో మొదటిసారి చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాను. అత్త తన ఫిట్టర్నే వెంట పంపింది. గోడలోని పాత గొట్టంలో లావు వైరు పట్టలేదు, మొన్న సన్న వైరు వేయించి పూసిన గోడే మళ్లీ చెక్కాల్సి వచ్చింది. కొట్టు కోసం నాన్న ఎప్పుడో కరెంటు లోడు పెంచి ఉంచడమొక్కటే నా అదృష్టం.

పట్టుబడి రోజున నాలుగు పొయ్యిల మీదా పప్పు, గుత్తివంకాయ, సాంబారు, అన్నం, ఓవెన్లో బంగాళాదుంపలు. అమ్మ గరిటె తిప్పుతుంటే నేను బోర్డు దగ్గర చెవి పెట్టి నించున్నాను. టక్కు లేదు. వంకాయ నూనె తేలింది, అప్పటికీ లేదు. చెరువు గట్టు మీద, బురద కాళ్లతో బారులు తీరి కూర్చున్నవాళ్లు వంకాయ మూడోసారి అడిగారు. రైతు చెయ్యి కడుక్కుంటూ, "ఈ సీజన్ పట్టుబళ్లన్నిటికీ మీరేనండీ" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాన్న గల్లాపెట్టె మూసి, "సరే, దీనికింకెవర్నైనా చూసుకుంటాలే" అన్నాడు. నేనైతే ఏలూరు కాలవ మీద గెలిచిన జెండా పాతినట్టే నడిచాను ఆ సాయంత్రం.

ఇక బిల్లు, దాపరికం లేకుండా. కుక్కర్ బేరంలో మిగిల్చింది ఆరు వేలు. వృథా అయిన సన్న వైరూ బ్రేకరూ రెండు వేల తొమ్మిది వందల యాభై, అది బిగించిన కూలి పన్నెండు వందలు, గోడ రెండోసారి పూయడానికి పదిహేను వందలు, ఆటోలూ బస్సులూ ఆరు వందల తొంభై. వెరసి ఆరు వేల మూడు వందల నలభై. అంటే అంత గొప్ప బేరగత్తెకీ నికరంగా మూడు వందల నలభై నష్టం. కాదు, ఆగండి. అత్త ఇచ్చిన బిల్లులో అడుగున "టేపు, పదిహేను రూపాయలు" అని రాసి, కొట్టేసి ఉంది. ఆ తగ్గింపు నేనడగలేదు. నష్టం మూడు వందల ఇరవై అయిదు.